ఆగి ఆగి నడిచే ఇంజను

మున్నేటి ఒడ్డున ఒక ఊరు ఉంది. ఆ ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్లు డ్వాక్రా సంఘం పెట్టుకున్నారు. వాగు పక్కన రెండెకరాలు కౌలుకు తీసుకున్నారు. బెండ, వంగ, గోంగూర వేశారు. ఇది 1996 నాటి మాట.

వాగు దాకా కరెంటు తీగ లేదు. అందుకని సంఘం డబ్బుతో ఒక పాత ఇంజను కొన్నారు. అది పెట్రోలుతో మొదలవుతుంది. వేడెక్కాక కిరసనాయిలు మీద నడుస్తుంది. తాడు చుట్టి లాగితే చాలు, టకటకమని అందుకునేది.

శివరాత్రి వెళ్లింది. ఎండ ముదిరింది. ఇంజను మొరాయించటం మొదలుపెట్టింది. కాసేపు నడుస్తుంది. టప్ టప్‌మని దగ్గుతుంది. ఆగిపోతుంది. ఎంత లాగినా పలకదు. విసుగొచ్చి చెట్టు కింద కూర్చుని, మళ్లీ వచ్చి లాగితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది!

బండి మీద వేసుకుని టౌనుకు తీసుకుపోయారు. మెకానిక్ తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది.

"బాగానే ఉంది గదమ్మా! ఏం రోగం దీనికి?" అన్నాడు. ప్లగ్గు మార్చి డబ్బులు తీసుకున్నాడు. మర్నాడు పొలంలో మళ్లీ ఆగింది. వంగ మడి వాడిపోయింది. బెండ పూత మీద ఉంది. "అమ్మిపారేయండి, ఆడోళ్లకు ఇంజను ఎందుకు?" అని ఊళ్లో వాళ్లు అనసాగారు.

సంఘంలో ఒక చిన్న కోడలు ఉంది. ఆ ఏడాదే అక్షర కేంద్రంలో చదవటం, రాయటం నేర్చుకుంది. ఆమె పొదుపు పుస్తకం వెనక పేజీలో ఇలా రాసింది.

సోమవారం. 7 గంటలకు మొదలు. 7.35కి ఆగింది. 8.10కి నడిచింది. 8.40కి ఆగింది.
మంగళవారం. 7 గంటలకు మొదలు. 7.40కి ఆగింది.
బుధవారం. మబ్బు. చల్లగా ఉంది. 7 నుంచి 9 దాకా నడిచింది. ఆగలేదు.

"చూడు పెద్దమ్మా, చల్లగా ఉన్న రోజు ఆగలేదు. వేడెక్కితేనే ఆగుతోంది" అంది.

"అయితే టౌనుకు పోయేసరికి చల్లారిపోతోంది. అందుకే అక్కడ మంచిగా నడుస్తోంది. దొంగ ఇంజను!" అంది పెద్దమ్మ.

దొంగను దొంగతనం చేస్తుండగానే పట్టుకోవాలి. ఆగి ఆగి నడిచే ఇంజను కూడా అంతే. అది ఆగిన నిమిషంలోనే చూడాలి. చల్లారాక చూస్తే ఏ తప్పూ కనబడదు. పుస్తకం చదివి మెకానిక్ కూడా ఈ మాటే ఒప్పుకున్నాడు. మర్నాడు తానే పొలానికి వచ్చాడు.

ముందు ఇంజను లోపల ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

పెట్రోలు ఆవిరి అంటుకోవాలంటే నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ ప్లగ్గు కొసన పుడుతుంది. దానికి కరెంటు ఎక్కడిది? పక్కన తిరిగే బరువైన చక్రం ఉంది చూడండి, దాన్ని ఫ్లైవీలు అంటారు. దానిలో అయస్కాంతాలు ఉంటాయి. అవి ఒక తీగచుట్ట పక్కగా తిరుగుతాయి. అప్పుడు కరెంటు పుడుతుంది. ఆ చుట్టే కాయిలు. దానితోపాటు పాయింట్లు అనే రెండు చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. అవి కలిసి విడిపోతుంటాయి. విడిపోయిన క్షణంలో కాయిల్లోంచి పెద్ద కరెంటు దూకుతుంది. అది లావు వైరు గుండా ప్లగ్గుకు పోతుంది. పాయింట్ల దగ్గర నిప్పు లేచి అవి కాలిపోకుండా కండెన్సరు అనే చిన్న డబ్బా కాపాడుతుంది. ఈ వరసలో ఏ ఒక్కటి చెడినా రవ్వ రాదు.

మెకానిక్ ఇంజను నడిపాడు. అందరూ చుట్టూ చేరారు. 40 నిమిషాలకు ఆగింది.

అతను ముందు నూనె ట్యాంకు మూత తీశాడు. మూతకు సన్నని బెజ్జం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే గాలి లోపలికి పోదు. నూనె కిందికి దిగదు. అప్పుడు కూడా ఇంజను అరగంట నడిచి ఆగుతుంది. చాలామంది దీన్ని చూడకుండానే కాయిలు మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. మూత తీశాక ఇంజను నడిస్తే తప్పు మూతదే. ఇక్కడ మూత తీసినా నడవలేదు. మూత మళ్లీ గట్టిగా బిగించాడు.

తర్వాత ప్లగ్గు ఊడదీశాడు. కాలుతుంది కాబట్టి గుడ్డతో పట్టుకున్నాడు. ప్లగ్గు కొస తడిగా ఉంది. అంటే నూనె వస్తోంది, రవ్వ రావటం లేదు. పొడిగా ఉంటే నూనె దారి వెతకాలి.

ఇప్పుడు రవ్వ చూడాలి. ఇక్కడ జాగ్రత్త! ప్లగ్గును వైరు టోపీకి తగిలించి, దాని లోహపు ఒళ్లు ఇంజనుకు ఆనేట్టు పెట్టాలి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా పెట్టాలి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. రవ్వ తగిలితే మండుతుంది. పెట్రోలు ఒలికి ఉంటే తుడిచి, ఆరాకే చూడాలి. ప్లగ్గును చేత్తో పట్టుకోకూడదు, షాక్ కొడుతుంది. కొంగు నడుముకు దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఎండలో రవ్వ కనబడదు, గొడుగు నీడ పట్టాలి.

చిన్న కోడలు గొడుగు పట్టింది. మెకానిక్ తాడు లాగాడు. నీలంగా చిటుక్కుమంటే మంచి రవ్వ. ఎర్రగా, సన్నగా ఉంటే బలహీనం. ఇక్కడ ఏదీ రాలేదు.

"ప్లగ్గు కొత్తదే గదా అన్నా?" అంది పెద్దమ్మ, అతని కేసి చూస్తూ. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఇంజను ఆపే స్విచ్చికి ఒక సన్న వైరు ఉంటుంది. అది ఇంజను ఒళ్లుకు తగిలితే రవ్వ ఆగిపోతుంది. పాత ఇంజన్లలో ఈ వైరు తోలు ఊడి, అదురుకు తగులుతూ ఉంటుంది. పైసా ఖర్చు లేని పరీక్ష కాబట్టి దీన్నే ముందు చూడాలి. అతను ఆ వైరు విప్పేసి తాడు లాగాడు. అప్పటికీ రవ్వ లేదు.

ఆ ఇంజనుకు ఫ్లైవీలు కిటికీలోంచి పాయింట్లు కనబడతాయి. కొన్నిటికి ఫ్లైవీలు ఊడదీయాలి. అది పనిముట్లు ఉన్నవాళ్లు చేయాల్సిన పని. పాయింట్ల మీద కొంచెం మసి ఉంది. సన్న గరుకు కాగితంతో రుద్ది, శుభ్రమైన పోస్టుకార్డు ముక్కతో తుడిచాడు. అవి పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య సందు ఎంతుందో ఫీలర్ గేజీతో కొలిచాడు. సామాన్యంగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజను పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. సందు సరిగానే ఉంది. రవ్వ మాత్రం లేదు.

ఇక మిగిలింది కండెన్సరు, కాయిలు. రెండూ వేడికి చెడతాయి. కండెన్సరు చవక. అందుకని ముందు అదే మార్చాడు. ఇంజను చల్లారింది కాబట్టి వెంటనే నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్న కోడలు కొట్టలేదు. గడియారం చూస్తూ కూర్చుంది. 35 నిమిషాలకు ఇంజను దగ్గింది. ఆగింది.

"కాయిలే!" అన్నాడు మెకానిక్.

కాయిల్లో వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. తీగకు పైపూత ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ పూత పగులుతుంది. ఒక్కోసారి తీగే తెగుతుంది. వేడెక్కితే అన్నీ వ్యాకోచించి తెగిన చోట ఎడం అవుతుంది, లేదా చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. చల్లారితే మళ్లీ సర్దుకుంటాయి. దాన్ని బాగుచేయటం కుదరదు, మార్చాల్సిందే. ఇప్పటి కొత్త ఇంజన్లు చాలావాటిలో పాయింట్లు ఉండవు, ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. వాటికి కూడా ఈ వేడి జబ్బు వస్తుంది.

కొత్త కాయిలు వేశారు. ఆ రోజు ఇంజను ఆగకుండా మూడు గంటలు నడిచింది. వంగ మడి సగం పోయింది. బెండ నిలిచింది.

పోతూ పోతూ మెకానిక్ ఒక మాట చెప్పాడు. ఇంజను బాగా వేడెక్కకముందే కిరసనాయిలుకు తిప్పకూడదు. తిప్పితే ప్లగ్గుకు మసి పడుతుంది. ఆపేముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి కాసేపు నడపాలి. అప్పుడు మర్నాడు తేలిగ్గా మొదలవుతుంది. చిన్న కోడలు అదీ రాసుకుంది.

కాయిలు ఖర్చు సంఘం పుస్తకంలో రాశారు. వెనక పేజీలో ఇంజను లెక్క ఆపలేదు. ఉగాది మర్నాటి వరస ఇలా ఉంది:

6.30కి మొదలు. 8.50కి ఆగింది. కారణం, కిరసనాయిలు అయిపోయింది.