ముందు పుస్తకం గురించి అడుగు

అమ్మలూ,

రచయిత్రులతో వరసగా ఇంటర్వ్యూలు చేస్తున్నావని తెలిసి ఎంత సంతోషమైందో! నువ్వు పంపిన ప్రశ్నలన్నీ చదివాను. భర్త ప్రోత్సాహం, పిల్లల పెంపకం, ఇంటిపని అయ్యాక గానీ పుస్తకం ఊసు రాలేదు. ఆ వరస తిరగెయ్యి.

పి. శ్రీదేవి నవల ‘కాలాతీత వ్యక్తులు’ చదివావు కదా. తండ్రిని పోషిస్తూ, ఎవరి జాలీ కోరకుండా తన బతుకు తాను చూసుకునే ఇందిరను 1950ల్లో సృష్టించింది ఆవిడ. నెమ్మదస్తురాలు కల్యాణి పక్కనే ఉండగా ఇందిరకు అంత చోటు ఎందుకిచ్చారని అడగాలని నాకెంత కోరికో! ఆవిడ 1961లోనే వెళ్లిపోయింది. అందుకే చెబుతున్నా, నీ జాబితాలో వయసు మళ్లినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లు. కొత్తగా అవార్డు వచ్చినవాళ్లతో తర్వాతైనా మాట్లాడొచ్చు.

జీవితం అడగొద్దని కాదు. రచన దారినే అడుగు. ఏ వేళ రాసుకునేవారు, కాగితాలు ఎక్కడ దాచుకునేవారు, సాఫుప్రతి ఎవరు రాసేవారు, పత్రికకు ఎవరు పోస్టు చేసేవారు? ఇల్లు, సంసారం, డబ్బు అన్నీ ఆ జవాబుల్లోనే బయటపడతాయి.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. పేరున్న అగ్రకుల రచయిత్రిని శిల్పం గురించి అడిగి, దళిత రచయిత్రిని బాధల గురించి మాత్రమే అడిగే అలవాటు మనలో పాతుకుపోయింది. అది అన్యాయం. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల రచనల సంకలనం ‘నల్లపొద్దు’ ముందు చదువు. జాజుల గౌరి ‘మన్నుబువ్వ’ కథల్లో ఎత్తుగడ ఎలా ఉందో, ఎక్కడ ఆపిందో చూసి అడుగు. కులం మాట ఆవిడే తెస్తుంది, తేవాలనుకుంటే. ముస్లిం రచయిత్రుల దగ్గరా అంతే. బురఖా ప్రశ్నతో మొదలుపెట్టకు.

వాళ్ల మాటను పత్రికల భాషలోకి దిద్దకు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఒక్కొక్కరి గొంతూ విడిగా వినిపిస్తుంది. నీ ఇంటర్వ్యూల్లోనూ అలాగే వినిపించాలి. అచ్చుకిచ్చే ముందు ఆ రచయిత్రికి చదివి వినిపించు. ఒక మాట తీసెయ్యమంటే ఎంత మంచి మాటైనా తీసెయ్యి. అది ఆవిడ బతుకు, రేపు ఆ ఇంట్లో ఉండాల్సింది ఆవిడ.

పాత ‘భూమిక’ పత్రిక సంచికలు నీకోసం కట్టగట్టి ఉంచాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.

ఆశీస్సులతో,
మీ పెద్దత్త