పంపే ముందు ఒక్కసారి

"మా ధర్మవరం పట్టుచీర కడితే పెళ్లి కల వచ్చేస్తుంది. ధర ఎనిమిది వేళ రూపాయలు." ఇలాంటి వాట్సాప్ సందేశం వస్తే నవ్వు ఆగుతుందా? పెళ్లి కళ రావలసిన చోట కల వచ్చింది, వేలు పోసి కొనే చీరకు వేళ చూడాల్సి వచ్చింది. మగ్గం మీద ఒక్క పోగు తెగినా ఆగి అతికే ఊరు మరి అది!

నెపం ఫోన్ మీదకు నెట్టేస్తాం. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కల, కళ ఒకేలా ఉంటాయి. ఫోన్ రెండు మూడు మాటలు చూపిస్తుంది, మనం మొదటిదాన్ని నొక్కేస్తాం. ఎంచుకున్నది మనమే కదా. కర్ణాటక సరిహద్దున ఉన్న హిందూపురం వాళ్లకు ల, ళల తేడా రెండు భాషల్లో తెలుసు. కన్నడంలో హాలు అంటే పాలు, హాళు అంటే పాడు. అంగట్లో ఆ రెండూ తారుమారు చేసేవాళ్లు కనబడరు. టైపు చేసింది ఒకసారి పైకి చదువుకుంటే ఇలాంటివి చాలావరకు దొరికిపోతాయి.

అర్థం, అర్ధం సంగతి వేరు. చాలామంది నోట రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి చెవి ఆదుకోదు. "మీరు చెప్పింది అర్ధమైంది" అంటే సగమే అయిందన్నమాట. దీన్ని నేర్చుకోవలసిందే, అడ్డదారి లేదు.

ఊరిపేరు తప్పితే మాత్రం నవ్వుతో పోదు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయినది పెనుకొండ. వాసవీ కన్యకా పరమేశ్వరి క్షేత్రం పశ్చిమ గోదావరిలోని పెనుగొండ. ఒకచోట పిన్‌కోడ్ 515తో మొదలైతే, మరోచోట 534తో. పెనుకొండ దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీకి దరఖాస్తు పెడుతూ 'పెనుగొండ' అని రాసిన కుర్రాణ్ని, కొలతలు సరిచూసే పనికి ఏ అధికారి నమ్ముతాడు?

అలాగని "యాడికి పోతాండావు" అని రాసినవాణ్ని దిద్దబోకండి. అది మన సీమ యాస, తప్పు కాదు. ఈ రెండింటినీ కలిపేసే పండితులే నాకు ఎక్కువ చిరాకు.

దిద్దడానికీ ఒక మర్యాద ఉంది. గ్రూపులో ఎవరైనా దుఃఖంలో 'శ్రద్ధాంజలి'కి బదులు 'శ్రద్దాంజలి' అని రాస్తే నలుగురిలో ఎత్తి చూపకండి. నాలుగు రోజులు ఆగి, విడిగా ఫోన్ చేసి చెప్పండి.