పెద్ద వయసులో పెద్దపేగు తిత్తుల జబ్బు: ఇంటివారు గమనించవలసిన గుర్తులు

వయసు పైబడే కొద్దీ పెద్దపేగు గోడ అక్కడక్కడ బలహీనపడుతుంది. అలాంటి చోట్ల లోపలి పొర బయటికి ఉబ్బి శనగ గింజంత తిత్తులు ఏర్పడతాయి. వీటినే డైవర్టిక్యులా అంటారు. ఇవి ఉన్నవారిలో ఎక్కువ మందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. కనుక స్కానింగు రిపోర్టులో ఈ పేరు కనబడగానే భయపడకండి. అయితే కొందరికి వచ్చే చిక్కులు ప్రాణం మీదికి తెస్తాయి. పెద్దవారిలో అవి పైకి అంతగా కనబడకుండానే ముదురుతాయి.

వచ్చే చిక్కులు

1. వాపు, చీము: తిత్తి వాచినప్పుడు పొత్తికడుపులో నొప్పి, జ్వరం, వికారం ఉంటాయి. నొప్పి ఎడమవైపే రావాలని లేదు. ఆసియా దేశాల వారిలో కుడివైపు కూడా తరచుగా వస్తుంది. దానిని అపెండిక్స్ నొప్పి అని పొరబడవచ్చు.

2. చిల్లు పడటం: వాచిన తిత్తి పగిలితే మలం, చీము కడుపులోకి చేరతాయి. కడుపు బిగుసుకుపోతుంది. వెంటనే ఆపరేషన్ అవసరం కావచ్చు.

3. రక్తస్రావం: నొప్పి లేకుండా ఒక్కసారిగా ఎర్రని రక్తం మలద్వారం నుండి పడుతుంది. చాలాసార్లు దానంతటదే ఆగుతుంది. కాని గుండె జబ్బు ఉన్న పెద్దవారు ఆ కొద్దిసేపటిలోనే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మొలలేలే అని నాటుమందు వాడుతూ కూర్చోవద్దు.

4. పేగు ఇరుకు కావడం, లేక మూత్రాశయంతో అతుక్కుని దారి ఏర్పడటం: మూత్రంలో గాలి బుడగలు వచ్చినా, మాటిమాటికి ఇన్ఫెక్షన్ వచ్చినా డాక్టరుకు చెప్పండి.

పెద్దవారిలో తేడా ఏమిటి?

కడుపులో చీము పట్టినా జ్వరం ఎక్కువగా ఉండకపోవచ్చు, నొప్పి కొద్దిగానే ఉండవచ్చు. షుగరు ఉన్నవారిలో, స్టెరాయిడ్ మందులు వాడేవారిలో గుర్తులు మరీ మరుగున పడతాయి. అన్నం వద్దనడం, మంచం దిగకపోవడం, మగత, తికమక మాటలు మాత్రమే కనిపించవచ్చు. పిల్లలకు ఇబ్బంది ఎందుకని చాలామంది పెద్దలు రక్తం పడిన సంగతి కూడా చెప్పరు. మీరే అడగాలి.

చేయకూడనివి

కడుపునొప్పి ఉన్నప్పుడు ఆముదం తాగించకండి, ఎనీమా ఇవ్వకండి, పొట్ట రుద్దకండి. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రల వల్ల రక్తస్రావం, చిల్లు పడే ప్రమాదం పెరుగుతాయి. అయితే గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపకండి, అడిగి చేయండి.

ఆసుపత్రిలో

వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ వెంట తీసుకురండి. రక్తపరీక్షలు, సి.టి. స్కాన్ ద్వారా జబ్బు ఎంతవరకు ఉందో తెలుస్తుంది. చాలామందికి విశ్రాంతి, సెలైన్, మందులతో తగ్గుతుంది. చీముగడ్డ పెద్దదైతే సన్నని గొట్టం పెట్టి తీస్తారు. ఆపరేషన్ తర్వాత కొందరికి పొట్ట మీద మలసంచి అవసరమవుతుంది. ఆ సంచికి వెరచి ఆపరేషన్ వాయిదా వేయడం ప్రమాదం. దానిని మార్చడం, శుభ్రం చేయడం మా నర్సులు ఇంటివారికి నేర్పుతారు. వాపు తగ్గిన 6 నుండి 8 వారాల తర్వాత కొలనోస్కోపీ చేయించమంటే తప్పక చేయించండి. కేన్సరు లేదని తేల్చుకోవడానికే అది.

ఆహారం, అలవాట్లు

జబ్బు తగ్గాక జొన్న, రాగి, ఆకుకూరలు, చిక్కుడు, పండ్లు కొద్దికొద్దిగా పెంచండి. జామ గింజలు, వేరుశనగలు తిత్తుల్లో ఇరుక్కుంటాయని కొందరు మాన్పిస్తారు. అమెరికాలో సుమారు 47 వేల మంది పురుషులను 18 ఏళ్ళు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో గింజల వల్ల ఈ చిక్కులు పెరగలేదని తేలింది. నీళ్ళు తగినన్ని తాగాలి, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత మేరకే తాగాలి. రోజూ నడవండి, చుట్ట, బీడీ, సిగరెట్టు మానండి.

కడుపు గట్టిపడినా, రక్తం పడినా, పెద్దవారు ఉన్నట్టుండి తికమకపడినా తెల్లవారే వరకు ఆగకండి. 108కి ఫోను చేసి వెంటనే తీసుకురండి.