జీతం ఆగినా, ఉద్యోగం పోయినా... చట్టం ఏమంటుంది?

కార్మిక చట్టాలనగానే చాలామంది పోటీ పరీక్షల అభ్యర్థులు 1936 నాటి వేతన చెల్లింపు చట్టం దగ్గరే ఆగిపోతున్నారు. దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌-2019 2025 నవంబర్‌ 21న అమల్లోకి వచ్చింది. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. అసలు మెలిక తుది లెక్క దగ్గరుంది. యజమాని తొలగిస్తే రెండు పనిదినాల్లో బకాయి తీర్చాలని పాత చట్టమూ చెప్పింది. రాజీనామా చేసినవారి ఊసు మాత్రం అందులో లేదు. కొత్త కోడ్‌ 17వ సెక్షన్‌ రాజీనామానూ చేర్చింది. పాత రూ.24,000 వేతన పరిమితి కూడా పోయింది. ప్రశ్నలు వచ్చేది ఈ తేడాల మీదే.

బకాయి రాకపోతే మూడేళ్లలోగా దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు సొమ్ముకు అదనంగా పది రెట్ల వరకు పరిహారం ఇప్పించవచ్చు. జీతం చెల్లించామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. కార్మికుడికి ఇదే పెద్ద బలం.

రిట్రెంచ్‌మెంట్‌ (శిక్షగా కాని తొలగింపు)ది వేరే లెక్క. ఏడాది నిరంతర సర్వీసున్న కార్మికుడికి నెల నోటీసు లేదా నెల వేతనం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-ఎఫ్‌ సెక్షన్‌లో ఉన్న ఈ రక్షణ పారిశ్రామిక సంబంధాల కోడ్‌-2020లోనూ కొనసాగింది.

రాజ్యాంగ కోణంలో అడిగితే వెట్టిచాకిరీని నిషేధించే 23వ అధికరణ గుర్తుంచుకోండి. కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం వెట్టిచాకిరీయేనని 1982లో ఆసియాడ్‌ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.