గట్టి ఇసుకలో పునాది: కొట్టి దింపాలా, తవ్వి పోయాలా?

పెద్ద భవనం అనగానే అందరి చూపూ పైకి పోతుంది. జియాలజీ చదివే నాలాంటివాడికి దాని కింద ఏముందా అన్నదే ధ్యాస. కింద గట్టి పొర తగిలితే ఇక చింత లేదని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. గట్టి నేల బరువు మోస్తుంది సరే, ముందు పైలును తనలోకి రానివ్వాలి గదా!

ఆ గట్టిదనాన్ని కొలిచే పద్ధతి మోటుగా ఉంటుంది. 63.5 కిలోల సమ్మెటను సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, ఒక గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఇసుకలో ఆ లెక్క 30 దాటితే గట్టి ఇసుక, 50 దాటితే మరీ గట్టిది. పొలంలో గుంజ పాతిన ప్రతి రైతూ ఈ పరీక్ష చేసినవాడే. అంకెలు రాసుకోడు, అంతే.

పైలును దించడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, కొట్టి దింపడం. అలా దిగే పైలు ఇసుకను పక్కలకు నెట్టి బిగిస్తుంది కాబట్టి పట్టు పెరుగుతుంది. కాని ఇసుక మరీ గట్టిదైతే కావలసిన లోతుకు చేరకముందే పైలు మొరాయిస్తుంది. రెండోది, గొయ్యి తొలిచి ఇనుప పంజరం దింపి కాంక్రీటు పోయడం. దీనికి ఎంత లోతైనా పర్వాలేదు. అయితే తొలిచినప్పుడు చుట్టూ ఉన్న ఇసుక బిగువు సడలుతుంది.

ఈ రెండు దారులూ పక్కపక్కనే కనిపించే చోటు షాంఘై. మన గోదావరి డెల్టాలాగే అదీ నది మేట వేసిన నేల. పైన మెత్తటి బంకమట్టి, లోతున గట్టి ఇసుక పొరలు. అక్కడ 1999లో పూర్తయిన జిన్ మావ్ భవనానికీ, 2008లో పూర్తయిన 492 మీటర్ల వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్‌కీ ఉక్కు గొట్టాలను కొట్టి దించారు. వాటి పక్కనే 632 మీటర్ల షాంఘై టవర్ కట్టేనాటికి చుట్టూ ఊరు కిక్కిరిసిపోయింది. ఆ సమ్మెట మోతా, అదురూ పక్క భవనాలు భరించాలి గదా! అందుచేత 1 మీటరు వ్యాసం గల పైళ్ళను 900కు పైగా, సుమారు 86 మీటర్ల లోతుకు తొలిచి పోశారు. ఆ టవర్ 2015లో పూర్తయింది.

తడి ఇసుకలో తొలిచిన గొయ్యి ఊరుకుంటుందా? కూలిపోతుంది. మా వైపు ఫిల్టరు పాయింటు దింపేటప్పుడు పేడ నీళ్ళు పోస్తూ తొలుస్తారు. ఇంజనీర్లు పేడకు బదులు బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన ద్రవం వాడతారు. అది గోడకు పూతలా పట్టి, లోపలినుంచి నెట్టి ఆపుతుంది. మా తాతగారికి ఇది చెబితే, “పేరు మార్చారేమిటిరా?” అన్నారు!

నా దృష్టిలో అసలు ప్రమాదం గోడలో లేదు, అడుగున ఉంది. ద్రవంలోని ఇసుక మెల్లగా కిందకు దిగి పూడిక పడుతుంది. దాన్ని తీయకుండా కాంక్రీటు పోస్తే పైలు గట్టి ఇసుక మీద కాక బురద మీద నిలబడుతుంది. అంత లోతుకు తొలిచిన ఫలం సగం పోయినట్టే. షాంఘై టవర్‌లో కాంక్రీటు గట్టిపడ్డాక, ముందే అమర్చిన సన్న గొట్టాల గుండా సిమెంటు పాలు అడుక్కి ఎక్కించి అక్కడి నేలను బిగించారు. అలా చేసిన పరీక్ష పైళ్ళు, చేయనిదానికంటే చాలా ఎక్కువ బరువు మోశాయి.

మన డెల్టా పట్టణాల్లోనూ ఇప్పుడు గోడకు గోడ ఆనించి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. అక్కడ సమ్మెట పనికిరాదు, తొలవవలసిందే. అందరూ సిమెంటు బస్తాలూ ఇనుప ఊచలూ లెక్కపెడతారు. అడుగును చూసేవాళ్ళు తక్కువ. ఆ పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు. తొలవడం అయిన వెంటనే తాడుకు బరువు కట్టి లోతు కొలవాలి, కాంక్రీటు పోయబోయే ముందు మళ్ళీ కొలవాలి. రెండు కొలతలకూ ఎంత తేడా ఉంటే అడుగున అంత పూడిక ఉన్నట్టు. పోశాక దాన్ని తీసే దారి లేదు.