ఎముక క్యాన్సర్: కొత్త మందును ఎలా పరీక్షిస్తారు?



"ఎముక క్యాన్సర్‌కు కొత్త మందు వచ్చిందటగా సిస్టర్, మా అబ్బాయికి ఇప్పించండి" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. అటువంటి మందు ఎలా పనిచేస్తుందో, మన వరకు ఎలా వస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎంజైమును ఆపడం

కణంలో జరగవలసిన పనులను త్వరగా జరిపించేవి ఎంజైములు. క్యాన్సర్ కణం పెరగడానికీ ఇవి కావాలి. తాళంలో వేరే చెవి ఇరుక్కుంటే అసలు చెవి దూరదు కదా! అలాగే ఒక చిన్న అణువు ఎంజైములో ఇరుక్కుంటే దాని పని ఆగిపోతుంది.

తెలుగువారి కృషి

భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్ వలన రక్త క్యాన్సర్ ఉన్న కొందరు పిల్లలకు తాత్కాలికంగా నెమ్మదించిందని 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్, కణ విభజనకు ఫోలిక్ ఆమ్లం ఉపయోగపడకుండా ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. 1970లలో దీనిని పెద్ద మోతాదులో ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌కు వాడసాగారు. అన్ని ఆసుపత్రులలోనూ దీనిని వాడరు. వేరే మందులూ ఉన్నాయి.

పెద్ద మోతాదు ఇచ్చినప్పుడు మంచి కణాలను కాపాడే ల్యూకోవోరిన్‌ను గంట తప్పకుండా ఇవ్వాలి. కాబట్టి నర్సు అర్ధరాత్రి లేపినా విసుక్కోవద్దు. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోవద్దు. మందు ఒంట్లో నిలిచిపోయి హాని చేయవచ్చు.

పరీక్ష మెట్లు

కొత్త అణువును ముందు ప్రయోగశాలలో కణాలపై, తరువాత జంతువులపై పరీక్షిస్తారు. ఆ తరువాతే మనుషులపై. మొదటి దశలో ఎంత మోతాదు క్షేమమో, రెండవ దశలో మందు పనిచేస్తుందో లేదో, మూడవ దశలో ఇప్పుడున్న చికిత్సకన్నా మేలో కాదో చూస్తారు. చాలా మందులు మధ్యలోనే ఆగిపోతాయి.

ఎంజైములను అడ్డుకునే రెగోరాఫెనిబ్ మాత్రను ఫ్రాన్స్‌లో వ్యాధి ముదిరిన ఆస్టియోసార్కోమా రోగులపై పరీక్షించి, 2019లో ఫలితం ప్రకటించారు. ఎనిమిది వారాలకు, మందు తీసుకున్న 26 మందిలో 17 మందికి వ్యాధి పెరగలేదు. మందు లేని మాత్ర తీసుకున్న 12 మందికీ పెరిగింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. అయితే వ్యాధిని కొంతకాలం ఆపడం వేరు, నయం చేయడం వేరు.

మీరు చేయవలసినవి

మందు పరీక్షలో చేరమంటే, మీకు అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పించుకొని, ఆ తరువాతే సంతకం చేయండి. వద్దనవచ్చు, మధ్యలో మానుకోవచ్చు. పరీక్ష వలన హాని కలిగితే ఉచిత వైద్యం పొందే హక్కును 2019 నిబంధనలు ఇచ్చాయి.

కొత్త మందు కోసం ఎదురుచూస్తూ ఉన్న చికిత్సను ఆపవద్దు. ఎదిగే పిల్లలకు మోకాలి దగ్గరో భుజం దగ్గరో నొప్పి వారాల తరబడి తగ్గకపోతే, రాత్రిళ్ళు ఎక్కువైతే, వాపు కనిపిస్తే "ఆటల్లో దెబ్బ తగిలిందిలే" అని ఊరుకోకండి. తోమించడం, నాటు కట్లు కట్టించడం చేయవద్దు. వెంటనే ఎక్స్‌రే తీయించండి. విశాఖలో కె.జి.హెచ్.తో పాటు అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించండి. ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్