సూరత్‌లో సిట్టింగ్ వేయడం ఎలా?

బట్టల పని మీదో, మగ్గం పని మీదో సూరత్‌లో దిగిన తెలుగువాడు మొదటి శనివారం సాయంత్రం అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇక్కడ కూర్చునేదెక్కడ?" కూర్చోవడమంటే ఏమిటో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. గ్లాసులు, ఐసు, పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, పన్నెండైనా తెమలని కబుర్లు. నేనూ అదే అడిగాను. పర్వత్ పాటియాలో నా పక్క గది కరీంనగర్ అన్న "లారీ కాడికి పోదాం" అన్నాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ముందు లారీల సందులో నిలబడి తాగుతారు కాబోలు, ఎంత కర్మ పట్టింది అనుకున్నా. తీరా చూస్తే గుజరాతీలో లారీ అంటే తోపుడుబండి. సూరత్ కుర్రకారుకు బార్ అయినా, పబ్ అయినా ఆ బండే.

మొదటి పని: సీసా సంగతి మర్చిపోండి. గుజరాత్ 1960 మే 1న పుట్టినప్పుడే పాత బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన మద్యనిషేధ చట్టాన్ని వెంట తెచ్చుకుంది. మన దగ్గర 1995లో ఎన్టీఆర్ పెట్టిన నిషేధం రెండేళ్లకే సడలింది కదా, ఇదీ అంతేలే అనుకుంటారు మనవాళ్లు. అంతే కాదు. ఇక్కడ అమ్మడమే కాదు, పర్మిట్ లేకుండా తాగడం, దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. 2017లో చట్టం ఇంకా బిగించి, తయారీకీ అమ్మకానికీ రవాణాకీ పదేళ్ల జైలు, 5 లక్షల జరిమానా దాకా పెట్టారు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు తాత్కాలిక పర్మిట్ ఉంది గానీ, దాంతో నలుగురు దోస్తులతో కలిసి కూర్చునే బార్ తలుపేమీ తెరుచుకోదు. 2023 డిసెంబరులో సడలింపు ఇచ్చింది గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీకి. మనకు దాంతో పనిలేదు.

"పోట్లీ దొరుకుతుంది భాయ్" అని చెవిలో చెప్పేవాడు ఒకడు తగులుతాడు. పోట్లీ అంటే ప్లాస్టిక్ సంచిలో నాటుసారా. 2022 జూలైలో బొటాద్ వైపు కల్తీసారాలో మిథనాల్ కలిసి 40 మందికి పైగా చచ్చిపోయారు. ఆ పిలుపు వస్తే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు. మరీ నాలుక పీకేస్తుంటే వాపి దాకా రైలెక్కి డామన్ పోవచ్చు. అది కేంద్రపాలిత ప్రాంతం, అక్కడ తాగడం తప్పుకాదు. కానీ సీసా సరిహద్దు దాటి రాకూడదు. ఊగుతూ తిరిగొచ్చినా ఇబ్బందే.

రెండో పని: ఎవరెవరు వస్తున్నారో ముందే లెక్క చూసుకోండి. మన ఊళ్లో "ఏం తాగుతావు?" అని అడుగుతాం, ఇక్కడ "ఏం తినవు?" అని అడగాలి. మార్కెట్లో నా పక్క కొట్టు జైన్ కుర్రాడు ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ముట్టడు. వాడిని గుడ్ల బండికి పిలిస్తే రోడ్డుకు అవతల నిలబడి ఫోన్ చూసుకుంటాడు. అలాంటివాళ్లుంటే లోచో కొట్టుకో, కోల్డ్ కోకో కొట్టుకో పోవడం మర్యాద. లోచో అంటే శనగపప్పు పిండిని ఆవిరికి పెట్టి, మెత్తమెత్తగా, రూపం లేకుండా తీసిన ముద్ద. పైన నూనె, సేవ్, పచ్చ చట్నీ. ఉల్లి లేకుండా అడిగితే ఇస్తారు. ఖమన్ ఢోక్లా చేయబోతే పిండి జారై ఇలా తేలిందని కథ చెబుతారు. లోచో అన్న మాటకే తిరకాసు అని అర్థం.

గుడ్డు తినే బ్యాచ్ అయితే ఇక తిరుగులేదు, ఆమ్లెట్ లారీకి నడవండి. అక్కడ అడగాల్సింది ఘోటాలో. ఘోటాలో అంటే గోల్‌మాల్. ఈ ఊరికి గందరగోళమంటే ఎంత ఇష్టమో తిండి పేర్లే చెబుతాయి.

ఘోటాలో చేసే చోట బెంచీ మీద కాదు, పెనం ఎదురుగా నిలబడాలి. బండి కాకా పెనం మీద వెన్న వేసి ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి నలగ్గొడతాడు. చలికాలమైతే పచ్చి వెల్లుల్లి కాడలు గుప్పెడు పడతాయి, ఆ వాసనకే సందులో కుక్కలు సర్దుకుని కూర్చుంటాయి. మసాలా వేగి నూనె అంచుకు రాగానే ఉడికిన గుడ్లను కోరంతో తురిమేస్తాడు, కొబ్బరి తురిమినట్టు. పక్కనే ఒక హాఫ్ ఫ్రై వేసి, పచ్చసొన ఇంకా వణుకుతుండగా దాన్ని తెచ్చి ఆ ముద్దలో వేసి అట్లకాడతో టకటకా పొడుస్తాడు. ఇదంతా రెండు మూడు నిమిషాల పని. వేడి పావ్ ముక్కతో ఎత్తుకుని తినాలి. చెంచా అడిగితే కొత్తవాడని తెలిసిపోతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. తలా ఒక ప్లేటు చెప్పేసి, పది నిమిషాల్లో ఊదేసి, చేతులు కడుక్కుని "ఇంకేంటి?" అని ముఖాలు చూసుకుంటారు. మందులో ఉన్న సుగుణం అదొక్కటే, గ్లాసు చేతిలో ఉన్నంతసేపు కదలక్కర్లేదు. బండి దగ్గర ఆ సాకు మనమే తయారు చేసుకోవాలి. నలుగురికి ఒక ఘోటాలో, నాలుగు పావ్ చెప్పండి. అది సగమయ్యాక ఇంకోటి. మధ్యలో ఒక మసాలా ఆమ్లెట్. కాకా విసుక్కోడు, వాడికీ మన కబుర్లు కావాలి. మాటల మధ్య సుర్తీ బూతులు దొర్లితే మీరు ఉలిక్కిపడకండి. ఇక్కడ తమ్ముడి పెళ్లి సంగతి చెప్పాలన్నా బూతుతోనే మొదలు. శ్రావణంలో మాత్రం గుడ్ల బండ్లు వెలవెలబోతాయి. గుజరాతీల నెల కూడా మనలాగే అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి క్యాలెండర్ విడిగా చూడక్కర్లేదు.

చేతిలో పట్టుకోవడానికి సోస్యో తీసుకోండి. 1923లో అబ్బాస్ అబ్దుల్ రహీం హజూరీ ఇదే ఊళ్లో మొదలుపెట్టిన స్వదేశీ సోడా. విదేశీ విమ్టోకు పోటీగా తెచ్చారు. మొదటి గుక్కకు ద్రాక్షో ఆపిలో తేలదు, కాస్త పులిసిన వాసన తగులుతుంది. మందు అలవాటున్న నాలుకకు సగం ఊరట అదే. చల్లగా ఉంటేనే బాగుంటుంది. కోల్డ్ కోకో దాని తర్వాత, ఇంటికెళ్లేముందు. చిక్కటి చాక్లెట్ పాలు, కడుపులో మంట ఆరుతుంది.

మాంసం కావాలంటే తాపీ దాటి రాందేర్ వెళ్లాలి. అక్కడి వ్యాపారులు ఒకప్పుడు రంగూన్‌తో బేరాలు చేసి తిరిగొచ్చి ఖావ్సా (కొబ్బరిపాల నూడుల్స్), రంగూనీ పరాఠా అలవాటు చేశారు. రంజాన్ నెలలో ఆ వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. విశాఖ బర్మా క్యాంపు ఎరిగినవాళ్లకు ఖావ్సా కొత్తేం కాదు.

చలికాలంలో వచ్చారా, అదృష్టం. పోంక్ దొరుకుతుంది. పేరు విని కంగారు పడకండి, మన ఊచబియ్యమే. లేత జొన్న కంకుల్ని నిప్పుల్లో కాల్చి కొట్టి తీసిన గింజలు. ఇక్కడ నిమ్మ, మిరియాలు, వెల్లుల్లి వేసిన సేవ్‌తో, చక్కెర గుళ్లతో కలిపి, మజ్జిగతో తింటారు. మా కరీంనగర్ అన్న మొదటిసారి తిని, "మా చేన్లో ఊరికే తినేది, ఇక్కడ తూకానికి కొనుక్కోవాల్సి వచ్చింది" అని రాత్రంతా సణిగాడు, పావుకిలో తానే తినేశాడు. పొద్దున్నే లేవగలిగితే నీరా తాగండి. శరత్ పూర్ణిమ మర్నాటి చాందీ పడ్వో రాత్రి ఊరంతా ఘారీ మిఠాయి, భూసు అనే కారపు మిక్చర్ డబ్బాలతో రోడ్డు పక్క చాపలేసుకుని కూర్చుంటుంది. ఆ రోజు బండి కూడా అక్కర్లేదు, చాప చాలు.

చివరగా, లేవడం. బిల్లు ఒకడే కట్టి ఫోన్లో పంచుకోవడం ఇక్కడి పద్ధతి. "నేనిస్తా, నేనిస్తా" అని పెనుగులాడితే కాకా నవ్వుతాడు. ఎప్పుడు లేవాలో ఆయన నోటితో చెప్పడు. గ్యాస్ తగ్గించి, ఖాళీ పెనం మీద గ్లాసుడు నీళ్లు చల్లుతాడు. చుయ్యిమని పొగ లేచి మీ ముఖాల మీదికి వస్తుంది. అప్పుడు లేవండి.